ఐసు గుడ్డ

ఏ పిల్ల తలకు దెబ్బ తగిలినా బడి నర్సుది ఒకటే పద్ధతి: గుడ్డలో ఐసు చుట్టి ఆనించడం, కళ్లలోకి చూస్తూ కబుర్లాడించడం, కన్నవాళ్లు వచ్చేదాకా పక్కనుంచి కదలకపోవడం. ఈరోజు ఉయ్యాల తగిలి నుదురు బొప్పి కట్టిన రెండో తరగతి పాపకు ఐసు పెడుతుండగా, ఇంట్లో తన కొడుకుని చూసుకునే అత్తగారు ఫోను చేసింది.

"బుడ్డోడు మంచం మీంచి పడ్డాడు. ఏడ్చి ఏడ్చి పడుకున్నాడులే."

"తలకు తగిలిందా? ఒక్కసారి బాబుని లేపి పలకరించండి అత్తయ్యా."

"నిద్రపోయే పిల్లాణ్ణి లేపుతారా ఎవరైనా? నీ నర్సుతనం బళ్లో చూపించుకో!"

మళ్లీ చేస్తే ఎత్తలేదు. పాప వాళ్లమ్మ ఇంకా బస్సులోనే ఉంది. నర్సు గుమ్మంవైపు చూసింది, చెయ్యి మాత్రం తీయలేదు.

"మా అమ్మ వచ్చేదాకా మీరు ఇక్కడే ఉంటారా?"

"ఉంటానమ్మా."

"మరి బాబు దగ్గర ఎవరుంటారు?"

ఐసునీళ్లు మోచేతిదాకా కారాయి. నర్సు చెయ్యి మార్చుకుంది.