రాతి మీదికి ఎక్కని పేరు

నేను కొట్టిన పేరును కంప్యూటర్ పారేసింది. పారేస్తున్నానని చెప్పలేదు, అడగలేదు, చిన్న చప్పుడైనా చెయ్యలేదు. ఆ పేరు లేకుండానే రాయి తయారైంది. లారీలో మా ఊరికి వచ్చింది. దాన్ని నిలబెట్టిన రోజు పదిమంది ముందు తప్పు నా నెత్తిన పడింది. తప్పు నాది కాదు.  

మాది బెల్లంపల్లి. నేను బొగ్గుబాయి పైన దీపాల గదిలో పనిచేసి రిటైరయ్యాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఇచ్చి, అతని నంబరు బిళ్ళ తీసుకుని మేకుకు తగిలించాలి. పైకి వచ్చి దీపం అప్పజెబితే బిళ్ళ తిరిగి ఇవ్వాలి. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఆ బిళ్ళ అక్కడ ఉండగా షిఫ్టు అయిపోయిందని గదికి తాళం వేసి పోయిన రోజు నా నౌకరీలో ఒక్కటి కూడా లేదు.

మా బాయి మూతపడి చాలా కాలమైంది. అందులో ప్రాణాలు పోయినవాళ్ళ పేర్లు ఒక నల్లరాతి మీద చెక్కించి, పాత గేటు దగ్గర పెట్టాలని రిటైరైన కార్మికులమంతా కలిసి అనుకున్నాం. రాయి కరీంనగర్‌లో దొరుకుతుంది. అక్కడ ఇప్పుడు ఇలాంటి పెద్ద పనులకు ఉలి పట్టడం లేదు. ఫైలు ఇస్తే మెషిన్ దాన్ని చూసి అక్షరాలు తొలుస్తుంది. అంటే జాబితాను ఎవరో ఒకరు తెలుగులో కంప్యూటర్ మీద కొట్టి ఇవ్వాలి. మా వాళ్ళలో ఆ పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

నాకు ఎవరూ నేర్పలేదు. ఐదో తరగతితో బడి ముగిసింది. బ్యాటరీ పెట్టెల మీద అచ్చైన ఇంగ్లిషును కూడబలుక్కుంటూ ఆ భాష నేర్చుకున్నాను. రిటైరయ్యాక మా కోడలు తన ఆఫీసులో పక్కన పడేసిన కంప్యూటర్ తెచ్చిస్తే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసుకుని, చెడగొట్టి, మళ్ళీ వేసుకుని, దాని లోపలి సంగతులు తెలుసుకున్నాను. చదువుకున్నవాళ్ళు నన్ను చూసి నవ్వారు. నవ్వినవాళ్ళే ప్రింటర్ పనిచెయ్యకపోతే మా ఇంటికి వచ్చేవారు.

పాత రిజిస్టర్లు ముందు పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాను. తెర మీద ఒక్కో మనిషికి ఒక్కో వరుస. పేరుకు ఒక డబ్బా, చేసిన పనికి ఒక డబ్బా, చనిపోయిన సంవత్సరానికి ఒకటి. మన దగ్గర ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పక్క డబ్బాలోకి పోతుంది. రోజుకు ఒక రిజిస్టరు చొప్పున పని సాగింది.

అలా కొడుతూ ఒక పేరు దగ్గరికి వచ్చాను. ఆ మనిషీ నేనూ ఒకే లైను క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒక పొద్దున అతను ఆలస్యంగా వచ్చాడు. షిఫ్టు హారన్ అప్పటికే మోగిపోయింది. "జర దీపం ఇయ్యరాదు అన్నా, రెండే నిమిషాలు గదా" అన్నాడు. నేను ఇవ్వలేదు. అతనికి ఆ రోజు హాజరు పోయింది. అందరి ముందు నన్ను ఒక మాట అన్నాడు, నేనూ ఒకటి అన్నాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు. నీళ్ళ నల్లా దగ్గర ఎదురుపడ్డా మొహం తిప్పుకునేవాళ్ళం. ఏళ్ళు అలాగే గడిచాయి. తర్వాత ఒక మధ్యాహ్నం షిఫ్టులో పైనుంచి బండ పడి అతను పోయాడు. ఆ షిఫ్టుకు దీపం ఇచ్చింది నేనే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అతని ఇంటిపేరు కొట్టి స్పేస్ నొక్కాను, పేరు కొట్టాను. ఎంటర్ మాత్రం కొట్టలేదు. వేలు ఆగింది. అద్దాలు తీసి తుడుచుకున్నాను. కాసేపయ్యాక చెయ్యి మౌస్ మీద పడింది. బాణాన్ని పక్క డబ్బాలోకి తీసుకుపోయి అక్కడ క్లిక్ చేసి, అతను చేసిన పని పేరు కొట్టాను. నా చూపు బాణంతో పాటే పోయింది. వెనక డబ్బాలో ఏం మిగిలిందో చూడలేదు. చూసినా ఆ డబ్బా ఇరుకు, ఇంటిపేరు వరకే కనబడుతుంది, మిగతాది అంచు అవతల దాగిపోతుంది. కాగితం మీద అచ్చు తీసి చదవాల్సింది. అది చెయ్యలేదు. చెయ్యలేదన్న సంగతి ఎవరి దగ్గరా దాచలేదు.

రాయి నిలబెట్టిన రోజు అతని భార్య వచ్చింది. చదువు అంతంతే కానీ, పింఛను కాగితాల మీద చూసి చూసి భర్త పేరు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. రాతి మీద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చి ఒక చోట ఆగింది.

"గిదేంది? ఇంటిపేరు ఒక్కటే ఉన్నది. మనిషేడి?"

అందరూ మూగారు. ఇంటిపేరు పక్కన రాయి నున్నగా, ఖాళీగా ఉంది. మా రిటైరైన కార్మికుల సంఘం అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు ఇచ్చిన ఫైలే పంపిన. ఒక్క అక్షరం ముట్టలే."

వెనకనుంచి ఎవరో అన్నారు: "అప్పుడు దీపం ఇయ్యలే, ఇప్పుడు పేరు ఇయ్యలే."

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆయన మీద కోపముంటే నా ఇంటి ముందట నిలబడి తిట్టకపోయినవా అన్నా? రాతి మీద పేరు తీసుడేంది?"

"నేను తియ్యలే చెల్లె. కొట్టిన. నా చేతులతోని కొట్టిన."

"కొడితే ఏడికి పోయింది మరి?"

 ఖాళీగా ఉన్న చోట చేత్తో చెక్కించి సరిచేద్దామని అధ్యక్షుడు అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "ముందుగాల గీయన తీసిండో ఇంకేమన్న అయిందో తేలాలె. తేలినంకనే చెక్కుండ్రి. అప్పటిదాంక గట్లనే ఉండనియ్యిండ్రి." ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఆ దారిన పోయే ప్రతివాడూ రాయినీ చూసేవాడు, నన్నూ చూసేవాడు.

ఇంటికి వచ్చి మళ్ళీ అదే పేరు కొట్టాను. ఎంటర్ నొక్కితే పేరు నిలిచింది. ట్యాబ్ నొక్కితే నిలిచింది. స్పేస్ నొక్కితే నిలిచింది. చివరికి మౌస్‌తో పక్క డబ్బాలో క్లిక్ చేశాను. ఇంటిపేరు ఉంది, పేరు లేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ పోయింది. నోటుబుక్కు తీసి, ఏది నొక్కితే ఏమవుతుందో వరుసగా రాసుకున్నాను.

తర్వాత కొన్ని వారాలు దాని లోపల ఏం జరుగుతుందో చదువుకున్నాను. తెర మీద కనబడే డబ్బాలు, బొత్తాలు ఏ ప్రోగ్రామూ తనంతట తాను చేసుకోదు. అందరికీ కలిపి వాటిని తయారుచేసి పెట్టే సామాను వేరే ఉంటుంది. దాన్ని టూల్‌కిట్ అంటారు. మనం కీ నొక్కగానే ఆ కబురు ముందు దాని దగ్గరికే పోతుంది. ఇంగ్లిషైతే నొక్కిన కీ నొక్కినట్టే అక్షరమై డబ్బాలో కూర్చుంటుంది. తెలుగు అలా కాదు. నాలుగైదు కీలు నొక్కితే ఒక మాట తేలుతుంది, తర్వాత వచ్చే కీని బట్టి ముందరి అక్షరం రూపం మారుతుంది. అందుకని టూల్‌కిట్ మన కీలను ఇన్‌పుట్ మెథడ్ అనే ఇంకో ప్రోగ్రాంకు అప్పజెబుతుంది. అది వాటిని తన దగ్గర పట్టుకుని, మాటను కింద గీత గీసి చూపిస్తుంది. ఆ గీత ఉన్నంతసేపు మాట తెర మీద కనబడుతుంది కానీ డబ్బాలోకి ఇంకా చేరలేదు. ఎంటరో స్పేసో నొక్కితే అప్పుడు చేరుతుంది. మరి మనిషి ఏదీ నొక్కకుండా వేరే చోట క్లిక్ చేస్తే? టూల్‌కిట్ అప్పుడు ఇన్‌పుట్ మెథడ్‌కు ఒక ఆజ్ఞ పంపుతోంది. చేతిలో ఉన్నది డబ్బాలో వెయ్యమని కాదు, పారెయ్యమని.

అది చదివిన రోజు నేను అన్నం తినలేదు. మనిషి కళ్ళ ముందు కనబడుతున్న మాట అది. అతను కొట్టిన మాట. దాన్ని పారెయ్యడానికి ఆ టూల్‌కిట్ చేసినవాళ్ళకు ఎవరు అధికారం ఇచ్చారు? తమ భాషలో ఏ కీ ఆగదు కాబట్టి, ఆగే భాషల సంగతి వాళ్ళకు తట్టలేదు.

ఆమె ఇంటికి పోయి చెప్పాను. గడపలోనే నిలబెట్టి విన్నది.

"మిషన్ తిన్నదా? గంతమంది పేర్లు ఇడిసిపెట్టి ఈయన పేరే తిన్నదా? మిషన్‌కు గూడ ఈయనంటే పడదా?"

"మిగతా అందరికీ ఎంటర్ కొట్టిన చెల్లె. ఈయనకు కొట్టలే."

"ఎందుకు కొట్టలే?"

"చెయ్యి ఆడలే."

ఆమె నా చేతి వైపు చూసింది. తర్వాత, "నీ మాటలు నాకు సమజ్ గావు. గది చేసినోళ్ళు ఎవలన్న ఉంటరు గదా. ఆళ్ళతోని రాయించుకరా. గప్పుడు నమ్ముత" అంది.

టూల్‌కిట్ చేసేవాళ్ళు ఏ దేశాల్లో ఉంటారో నాకు తెలియదు. తప్పులు రాసి పంపడానికి ఇంటర్నెట్‌లో ఒక చోటు పెట్టారు. నిఘంటువు పక్కన పెట్టుకుని నాకొచ్చిన ఇంగ్లిషులో రాశాను. ఒక మనిషి జవాబిచ్చాడు: మా దగ్గర అలా జరగడం లేదు, ఈ ఫిర్యాదు మూసేస్తున్నాం. అతను పరీక్షించింది ఇంగ్లిషు కొట్టి! మళ్ళీ తెరిపించాను, నోటుబుక్కులోని వరుసంతా ఎక్కించాను. ఈసారి ఇంకొకరు: క్లిక్ చేసే ముందు స్పేస్ నొక్కడం అలవాటు చేసుకోండి.

అలవాటు చేసుకోవాలట. ఈ వయసులో నాకు అలవాట్లు నేర్పుతారా! ఆ కోపంలో వ్యాకరణం చూసుకోకుండా రాశాను. నేను దీపాల గదిలో పనిచేశానని రాశాను. మేకుకు బిళ్ళ ఉండగా మేం గది మూసేవాళ్ళం కాదని, లోపలి మనిషి పైకి వచ్చేదాకా ఆగేవాళ్ళమని రాశాను. మీ డబ్బా లోపల మాట ఉండగానే తలుపు మూసేస్తోంది, ఆ మాట చనిపోయిన ఒక మనిషి పేరు, అది లేకుండానే రాయి చెక్కారు, అతని భార్య నేను కావాలని తీసేశానని అనుకుంటోంది అని రాశాను. అలవాటు మార్చుకోవాల్సింది ఎవరని అడిగాను.

చాలా రోజులు ఏ కబురూ లేదు. రోజూ పొద్దున చాయ్ తాగకముందే తెరిచి చూసేవాణ్ణి. మా అధ్యక్షుడు బజార్లో కనబడి, "ఏమైందన్నా, దొరలు జవాబిచ్చిండ్రా?" అనేవాడు. ఎండాకాలం పోయి వానలు పడ్డాక వచ్చింది జవాబు. రాసింది కొత్త మనిషి. ఆ ఇంగ్లిషును నా తెలుగులో ఇలా దింపుకున్నాను:

"మీరు చెప్పిన వరుసలోనే చేసి చూశాను. ప్రతిసారీ మాట పోయింది. నా భాషలో కూడా అక్షరం పూర్తికావడానికి ఒకటికి మించిన కీలు కావాలి, నాకూ ఇలా పోతుండేది, నేనే తొందరపడ్డానని అనుకునేవాణ్ణి. తప్పు టైపు చేసినవారిది కాదు, మాది. ఇకనుంచి వేరే డబ్బాలో క్లిక్ చేస్తే, సగంలో ఉన్న మాటను ముందు డబ్బాలో చేరుస్తాం. సరిచేసి టూల్‌కిట్‌లో కలిపాం. ఆ పేరు విషయంలో క్షమించండి."

రెండు కాగితాలు అచ్చు తీశాను, ఒకటి ఇంగ్లిషుది, ఒకటి తెలుగుది. వానలోనే ఆమె ఇంటికి పోయాను. ఈసారి లోపలికి పిలిచింది, కుర్చీ వేసింది. తెలుగుది చదివి వినిపించాను. తప్పు మాది అన్న చోట ఆపమంది, ఇంకోసారి చదవమంది. చదివాను. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహంలో నాకేమీ తెలియలేదు. "నమ్మినవా చెల్లె?" అని అడిగాను.

"నువ్వు కొట్టినవ్, అది పారేసింది. సరే అన్నా, ఒప్పుకున్న. చెక్కెటోన్ని పిలిపియ్యి, చేత్తోనే చెక్కుమను, నువ్వు పక్కకే నిలబడి పేరు చదివి చెప్పు. ఆయన ఉన్నప్పుడే మీరిద్దరు ఒక్క మాట మాట్లాడుకుంటే, గిప్పుడు ఎవలో దూరదేశపోడు నన్ను మాఫీ అడిగే గతి పట్టకపోతుండె."