చీటీని నమ్మని మేడం

మా స్కూలు కెమిస్ట్రీ మేడం సీసా మీద అంటించిన చీటీని చచ్చినా నమ్మదు. ‘ఉప్పు’ అని రాసి ఉన్నా సరే, చెంచాడు తీసి నీళ్లలో కలుపుతుంది, రెండు వైర్లు ముంచుతుంది, బల్బు వెలిగితేనే ఉప్పని ఒప్పుకుంటుంది.

ఆ బ్యాటరీ, ఆ వైర్లు, ఆ బల్బు ఎవరివనుకున్నారు? నావి! నేను ఫిజిక్స్ మాస్టారిని. నా క్లాసులో బల్బు వెలగాల్సిన సమయానికి అది ఆవిడ ఉప్పునీళ్ల మీద వెలుగుతూ ఉంటుంది. ఒళ్లు మండదూ?

చివరికి స్టాఫ్ రూములో చక్కెర డబ్బాని కూడా వదల్లేదు. చేతిలో టీ చల్లారిపోతుంటే అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం.

“మేడం, డబ్బా చుట్టూ చీమలు బారులు తీరాయి. అవి చాలవా సాక్ష్యం?” అని అరిచాను.

“చీమలు కెమిస్ట్రీ చదువుకోలేదు మాస్టారూ,” అని వైర్లు ముంచింది. బల్బు వెలగలేదు. “ఊఁ, చక్కెరే. సమయోజనీయ పదార్థం, నీళ్లలో కరిగినా కరెంటు పోనివ్వదు. తాగండి.”

ఆ చల్లటి టీ తాగాక ఆగలేకపోయాను. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్‌కి రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన చదివి, మా ఇద్దరినీ ల్యాబ్‌కి రమ్మని, అక్కడి అటెండరుని కూడా పిలిపించారు. స్కూలంతా ఆ అటెండరుని బాబాయ్ అంటుంది. సీసాలు నింపేదీ, చీటీలు రాసేదీ ఆయనే.

“చీటీలు సరిగ్గా ఉంటే మేడం ఈ బల్బుల గోల ఆపెయ్యాలి. తప్పని తేలితే అటెండరు రేపట్నుంచి రానక్కర్లేదు,” అన్నారు ప్రిన్సిపాల్.

నేను ఎగిరి గంతేశాను. బాబాయ్ పనిలో తప్పు దొర్లడం నేనెన్నడూ చూడలేదు. అల్మారాలోంచి ‘ఉప్పు’ అన్న సీసా నేనే తీశాను. చెంచాడు నీళ్లలో వేసి కలిపాను.

“కరిగింది! ఉప్పే!”

“చక్కెర కూడా కరుగుతుంది మాస్టారూ,” అంది మేడం. ఆవిడ గొంతు ఎందుకో నీరసంగా ఉంది.

వైర్లు ముంచాను. బల్బు వెలగలేదు. బ్యాటరీ అరగదీసేశారని ఆవిడ మీద విరుచుకుపడి, ఇంకో చెంచాడు మంట మీద పెట్టాను. ఉప్పయితే ఆ కాస్త మంటకి చలించదు. ఇదేమో నిమిషంలో కరిగి, ఎర్రబడి, మాడిన చక్కెర వాసన కొట్టింది.

బాబాయ్ ఆ సీసాని ముక్కుకి ఆనించుకుని చీటీ చదువుతున్నాడు. అయినా అక్షరాలు కనబడలేదు కాబోలు, సీసాని ఇంకా దగ్గరకు లాక్కున్నాడు. అప్పటికిగానీ నాకు వెలగలేదు. నా రెండు పేజీల ఫిర్యాదు ఈయన నోటి దగ్గర కూడు లాగేస్తోంది!

“ఎవరు రాశారిది?” అన్నారు ప్రిన్సిపాల్.

“నేనే సార్,” అంది మేడం తడుముకోకుండా. “పిల్లలు చీటీ చూసి జవాబు రాసేస్తున్నారు. గుణాలు చూసి కనుక్కోవాలని కావాలనే తప్పు చీటీ అంటించాను.”

ప్రిన్సిపాల్ సీసా అందుకుని వంకర అక్షరాలు చూశారు. “ఇది మీ రాతా? ఏం మాస్టారూ, నిజమేనా?”

“నిజమే సార్! ఆవిడ రాత ఎప్పుడూ ఇంత దరిద్రంగానే ఏడుస్తుంది. పిల్లలు బోర్డు చదవలేక చస్తున్నారు!”

“టీచరై ఉండి ఇదేం రాతండీ? సెలవులిచ్చేదాకా రోజుకో పేజీ కాపీ రాసి నాకు చూపించండి,” అని ఆయన వెళ్లిపోయారు.

బాబాయ్ చెంచాలు కడగడానికి బయటికి వెళ్లగానే ఆవిడ గొంతు తగ్గించింది. “సెలవుల్లో ఆయనకి కంటి ఆపరేషన్. అందాకా సీసాలు నేను చూసుకుందామనుకున్నా. ఆయనవి మాత్రమే చూస్తే కనిపెట్టేస్తారు, సిగ్గుపడతారు. అందుకే మీ చక్కెర డబ్బాని కూడా అనుమానించాల్సొచ్చింది.”

“ఆ ముక్క నాతో ముందే చెప్పొద్దూ?” అని మండిపడ్డాను.

“చెబితే మీరింత బాగా అరిచేవారా? అది సరే, నా రాత దరిద్రమా? జిల్లా మొత్తానికి చేతిరాతలో కప్పు తెచ్చుకున్నదాన్ని!”

పది రోజులు నాతో మాట్లాడలేదు. ప్రిన్సిపాల్‌కి మాత్రం రోజూ పేజీ ఇచ్చేది. మొదటి వారమంతా ఎడమచేత్తో రాసిందట. ఆ తర్వాత అనుమానం రాకుండా, రోజుకో అక్షరం చొప్పున బాగుచేసుకుంటూ వచ్చింది.