ఖాళీగా ఉండనివ్వని గడి

బందరులో మా తాతగారిచ్చిన స్థలంలో కట్టిన ఆసుపత్రికి ఇప్పుడు గుడివాడలోనూ అవనిగడ్డలోనూ శాఖలున్నాయి. మా పొలాలు పోయాయి, కమిటీలో కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆ పొలాలు కొని చేపల చెరువులు తవ్వించిన మా బావే కమిటీ అధ్యక్షుడు. ఆయన జాలి నాకు అక్కర్లేదు. అందుకే నాకు షుగరుందేమోనన్న సంగతి ఆయన చెవిన పడకూడదనుకున్నాను.

రోగుల వివరాలన్నీ కంప్యూటర్లో పెట్టే సాఫ్ట్‌వేర్ కొనాలని బావ పట్టుదల. ముందు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమని కంపెనీ ప్రతినిధి పెట్టి వెళ్లాడు. మా ఇంటికి ఉచితంగా ఏదైనా తెచ్చినవాళ్లెవరూ వట్టి చేతులతో వెళ్లలేదు. అతని వినయం నాకు నచ్చలేదు. బావకూ అందులో ఏదో ముడుతోందనే నా అనుమానం.

కొనుగోలు సంతకాల రోజు బందరు హల్వా తెప్పించారు. ఆ ఉదయమే నేను కింద షుగరు పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చాను. హల్వా వద్దంటే ఎందుకని అడుగుతారు. తిన్నాను.

"ఇంకో ముక్క తీసుకో. మొహమాటమా, బిగువా?" అన్నాడు బావ.

అదీ తిన్నాను.

"రిపోర్టు రెడీ అవగానే నేరుగా పేషెంట్ ఫోనుకే మెసేజ్ వెళ్లిపోతుందండీ" అని ప్రతినిధి చెబుతుండగా బావ జేబులో ఫోను మోగింది.

"నాకు షుగరేంటయ్యా? నేను పరీక్షే చేయించుకోలేదు" అంటూ బావ కళ్లజోడు సర్దుకున్నాడు. పేరు చదివి, నా వైపు చూసి, ఫోను బోర్లా పెట్టాడు.

కౌంటర్లో పేర్లు రాసే అమ్మాయిని పిలిపించాను.

"మీకు ఫోను లేదన్నారు కదండీ. నంబరు గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకెళ్లదండీ. మీ బావగారే కదా అని వారి నంబరు వేశాను."

"ఫోను లేని మిగతావాళ్లకి?"

"అవనిగడ్డలో ఆడవాళ్లకి అంబులెన్స్ డ్రైవర్ నంబరు వేస్తున్నారండీ. ఆయనేమీ అనుకోడు."

"అనుకోడు. చదువుతాడు" అన్నాడు బావ.

సముద్రం వైపు పల్లెల నుంచి అక్కడికి వచ్చే ఆడవాళ్లలో ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లే ఎక్కువ. బావ కలానికి మూత పెట్టాడు.

"ఆ గడి తీసేయొచ్చండీ, అడిగితే" అన్నాడు ప్రతినిధి.

"అడక్కపోతే?" అన్నాను.

నంబరు లేకుండా పేరు ఎక్కాలి, రోగి కోరితేనే మెసేజ్ వెళ్లాలి, ఈ రెండూ కళ్లారా చూశాకే సంతకమని తీర్మానించాం.

అందరూ వెళ్లాక బావ మెల్లగా "నీ మెసేజ్ చెరిపేశాను" అన్నాడు.

"చూపించండి" అన్నాను.

ఆయన నవ్వి, ఫోను నా చేతికిచ్చి, హల్వా పళ్లెం తన వైపు లాక్కున్నాడు.