కత్తెర పట్టని దశరథరామయ్య

దశరథరామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. ఆయన దేన్నీ కత్తిరించడు.

తెనాలి స్టేషన్ దగ్గర సందులో నలభై ఏళ్లుగా మైక్‌సెట్ల దుకాణం ఆయనది. ఒకసారి టేపులోకి ఎక్కిన చప్పుడు, బ్రహ్మదేవుడు వచ్చి అడిగినా ఆయన తీసెయ్యడు. ఒకసారి పెళ్లివారు వచ్చి, "మంత్రాల మధ్యలో మా బావగారు అలిగి వెళ్లిపోతూ నాలుగు మాటలన్నారు. అవొక్కటీ తీసెయ్యండి సార్" అని బతిమాలారు.

"అలిగారా, లేదా?" అన్నాడు దశరథరామయ్య.

"అలిగారండి."

"అయితే ఉంటాయి."

సెలూన్లో కూర్చున్నా, "సమానంగా చెయ్యి బాబూ, తగ్గించకు" అంటాడని ఆయన భార్య దుర్గాంబ అందరికీ చెబుతూ ఉంటుంది.

దీనికి తోడు ఇంకో అలవాటు. ఏది రికార్డు చేసినా ముందు ఆయన గొంతే వినపడాలి. "తేదీ ఇది. స్థలం ఇది. గాలి ఫలానా వైపు నుంచి. కత్తిరించవద్దు." అవతల పెళ్లికొడుకు తాళి పట్టుకుని నిలబడి ఉన్నా సరే, గాలి ఎటు వీస్తోందో తేలేదాకా ఆగాల్సిందే.

తొంభైల్లో బాపట్లలో 'ఉప్పుగాలి' అని ఒక రాక్ బ్యాండ్ ఉండేది. నలుగురు కుర్రాళ్లు, రెండు గిటార్లు, అరువు డ్రమ్ములు. పాడేది నాగశివ. సముద్రం మీద ఒక పడవలోంచి ఇంకో పడవకి కేకేసే ఇంట్లో పుట్టినవాడు కాబట్టి ఆ గొంతుకి అసలు మైకే అక్కర్లేదు. అయినా దశరథరామయ్య ప్రతి ప్రోగ్రాముకీ మైకు పెట్టాడు. షరతు ఒక్కటే: మొదటినుంచి చివరిదాకా టేపు తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ ఆపమనకూడదు.

అలా అరవై ఒక్క కేసెట్లు పోగయ్యాయి. బాపట్ల కాలేజీ వార్షికోత్సవం, రేపల్లె రైసు మిల్లు ఆవరణ, వర్షానికి ఆగిపోయిన నగరం ఊరి ప్రోగ్రామూ. ఆ ఆఖరి దాంట్లో ఒక్క పాటా లేదు, నలభై నిమిషాలు వానే. ఒకసారి వీళ్లు రేడియోలో కూడా పాడారు. రేడియో స్టేషన్లో ఆ టేపు ఇప్పుడు లేదు. దశరథరామయ్య దగ్గర ఉంది, ఎందుకంటే ఆ రోజు ఆయన ఇంట్లో రేడియో ముందు మైకు పెట్టుకుని కూర్చున్నాడు. రెండో పాటలో సరిగ్గా నాగశివ గొంతు పైకి లేచేచోట, "ఏమండీ, చారు పొంగుతోంది!" అని దుర్గాంబ కేక. ఆయన నోటు పుస్తకంలో ఆ కేసెట్ కింద ఇలా రాసి ఉంటుంది: "గానం: నాగశివ. బేస్ గిటార్: శాలేమురాజు. చారు: దుర్గాంబ."

ఆ పుస్తకాన్ని మొదటిసారి చూసిన రోజు స్నేహకి నవ్వు రాలేదు.

స్నేహ నాగశివ కూతురు. బాపట్లలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. కొడుకు సన్నీకి రెండున్నరేళ్లు. పిల్లాడికి ఒళ్లు కాస్త వెచ్చబడితే మూడుసార్లు థర్మామీటరు పెట్టి సగటు తీసే మనిషి. అలాంటి మనిషికి ఏ లెక్కకీ లొంగని బెంగ ఒకటి వచ్చి పడింది.

రెండేళ్ల కిందట నాగశివకి గొంతులో క్యాన్సర్ వచ్చి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది. మాట్లాడాలంటే ఒక చిన్న యంత్రాన్ని గొంతు కింద ఆనించుకోవాలి. అప్పుడు పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు ఒకే స్థాయిలో మాట వస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, సన్నీ కెవ్వున అరిచి వంటింట్లోకి పరుగెత్తేవాడు. స్నేహ ఆ చప్పుడుని ఫోన్లో రికార్డు చేసి గీత గీయించి చూసింది. ఎక్కడా ఎగుడు దిగుడు లేదు, చదునుగా ఉంది. కారణం దొరికింది. మందు దొరకలేదు.

నాగశివ ఎవరికీ చెప్పకుండా యంత్రాన్ని సొరుగులో పెట్టేశాడు. పలక మీద రాసి మాట్లాడేవాడు. సన్నీకి చదవడం రాదు. పిల్లాడు వరండాలోకి వస్తే ఆయనే లేచి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. ఆ తలుపు చప్పుడు స్నేహ భరించలేకపోయింది. పాటల్లో వినైనా వీడికి తాతయ్య గొంతు తెలిస్తే భయం పోతుందేమో అనుకుని తెనాలి రైలెక్కింది.

"పెదనాన్నా, నాకు పాటలు మాత్రమే కావాలి. మధ్యలో మాటలు, దగ్గులు, రైళ్లు తీసేసి ఇవ్వండి."

"రైలెందుకు తియ్యడం? సమయానికే వచ్చింది కదమ్మా."

"పిల్లాడు బెదురుతాడండి. శుభ్రంగా పాట ఒక్కటే ఉండాలి."

"ముందు విను" అని రేపల్లె కేసెట్ పెట్టాడు. తేదీ వచ్చింది. గాలి వచ్చింది. పద్నాలుగు నిమిషాలు గడిచినా పాట రాలేదు. ఎవరో కుర్చీలు ఈడుస్తున్నారు. నాగశివ, శాలేమురాజు పెరుగు వడల గురించి వాదించుకుంటున్నారు.

"పాటెప్పుడండి?"

"వస్తుంది. తొందరేంటి? వాళ్లకి లేదుగా!"

"మీకు పట్టింపే తప్ప ఎదుటివాళ్ల అవసరం అక్కర్లేదా పెదనాన్నా?" అంది స్నేహ. జరిగిందంతా, తలుపు చప్పుడుతో సహా, ఆ కోపంలోనే చెప్పేసింది. దశరథరామయ్య టేపు వెనక్కి తిప్పాడు. కేసెట్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఒక్క క్షణం తగ్గకుండా.

ఇంటికొచ్చి ఒక పాట వెతికి పెడితే, సన్నీ గిటార్ హోరుకి చెవులు మూసుకున్నాడు. లోపల గది తలుపు మళ్లీ దగ్గరగా పడింది.

తర్వాత నెలరోజులు దశరథరామయ్య ఫోనెత్తలేదు. దుర్గాంబే ఎత్తి, "చెవులకి ఆ డిప్పలు తగిలించుకుని కూర్చున్నారమ్మా. అన్నానికి పిలిచినా వినపడదు. నాకూ హాయిగానే ఉంది" అంది.

ఒక ఆదివారం పొద్దున ఆయనే బాపట్లలో దిగాడు. చంకలో స్టీలు టిఫిన్ డబ్బా. దాని మూత మీద నాలుగు కాలింగ్ బెల్ స్విచ్‌లు బిగించి ఉన్నాయి. నాగశివని వరండాలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టి, "మొదటిది నొక్కు" అన్నాడు.

నాగశివ నొక్కాడు.

"ఏరా, తిన్నావా?" అంది డబ్బా. ముప్ఫై ఏళ్ల కిందటి గొంతు, ఎగుడు దిగుళ్లతో సహా. వెనకాల కూ... అని రేపల్లె రైలు.

రెండోది: "దా, ఇలా వచ్చి కూర్చో." మూడోది: "భయమేంటిరా, నేనున్నాగా!" నాలుగోది: "ఒరేయ్ శాలేమురాజూ, నీ పాట ఏ ఊళ్లో ఉందిరా? మేం బాపట్లలో ఉన్నాం!"

స్నేహ డబ్బా మీదికి వంగి స్విచ్‌లు చూసింది. తర్వాత, "పెదనాన్నా! మీరు కత్తిరించారా?" అంది.

దశరథరామయ్య దొంగతనంలో దొరికినట్టు అటూ ఇటూ చూశాడు. "కాపీలోంచే తల్లీ. అసలు టేపులు ముట్టుకోలేదు. అరవై ఒకటీ మొదటినుంచి విన్నా. పాటల్లో వీడు ఎవర్నీ తిన్నావా అని అడగలేదు, అదంతా మధ్యలోనే ఉంది. దుర్గాంబకి మాత్రం చెప్పకు, నా మాట ఇంక ఇంట్లో చెల్లదు."

"మరి ఆ రైలు?"

"తీద్దామని చూశానమ్మా. దాంతోపాటు మాట కొస కూడా పోతోంది. ఉంచేశా."

ఈలోపు వంటింటి గుమ్మం పక్కనుంచి ఒక తల బయటికి వచ్చింది.

"రైలు?" అన్నాడు సన్నీ.

నాగశివ మళ్లీ మొదటిది నొక్కాడు. "ఏరా, తిన్నావా?" కూ...

"తిన్నా. రైలు మళ్లీ."

ఆరోసారికి సన్నీ తాతయ్య ఒళ్లో కూర్చుని తనే నొక్కుతున్నాడు. నాలుగో స్విచ్ నొక్కినప్పుడల్లా పడీపడీ నవ్వుతున్నాడు. శాలేమురాజెవరో వాడికి తెలియదు గానీ, ఎవరికో చీవాట్లు పడుతున్నాయని అర్థమైంది. నాగశివ ఒక చేత్తో పిల్లాణ్ని పట్టుకుని కూతురి వైపు చూసి సొరుగుకేసి సైగ చేశాడు. స్నేహ యంత్రం తెచ్చి ఇచ్చింది.

ఆయన దాన్ని గొంతు కింద ఆనించి, "స...న్నీ" అన్నాడు.

పిల్లాడు ఆగిపోయాడు. డబ్బా వైపు చూశాడు, యంత్రం వైపు చూశాడు, రెంటికీ లెక్క కుదుర్చుకున్నాడు.

"ఇంజిన్!" అన్నాడు. "తాతయ్యా, ఇంజిన్ మళ్లీ!"

దశరథరామయ్య అప్పటికే సంచిలోంచి రికార్డర్ తీసి మీట నొక్కాడు. "తేదీ, ఈ ఆదివారం. స్థలం, బాపట్ల, నాగశివ వరండా. గాలి సముద్రం వైపు నుంచి. గానం: నాగశివ. ఇంజిన్: నాగశివ. రైలు: సన్నీ. కత్తిరించవద్దు."

సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ కూసింది. ఆపడానికి స్నేహ ఒక అడుగు వేసింది. దశరథరామయ్య చెయ్యెత్తాడు. ఆమె ఆగిపోయింది. మూడు కూతలు, నాలుగు, ఐదు. ఆమె కదల్లేదు.

పప్పు మాడిన వాసన ఒక్కటే టేపులోకి ఎక్కలేదు. దాన్ని ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.