సున్నం వేళ్లు

మా ఊరు సాన్ పెద్రోలో ఇప్పటికీ ఎవడో ఒకడు నన్ను వీధిలో ఆపి, "బసీలియో ఆ బంతి ఎందుకు వదిలేశాడు?" అని అడుగుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. ఆ బంతి విసిరింది నేను.

మా చక్కెర మిల్లు బేస్‌బాల్ జట్టుకు బసీలియో అన్న క్యాచర్, నేను పిచర్. బంతి ఎలా వేయాలో క్యాచరే చెబుతాడు. ముఖానికి ఇనప ముసుగు వేసుకుని బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, కాళ్ల మధ్య చేయి దాచి వేళ్లు చూపిస్తాడు. ఒక వేలైతే వేగంగా వేయాలి, రెండైతే వంపు తిప్పాలి. పొద్దు వాలాక నాకు ఆ వేళ్లు ఆనేవి కావు.

"నీకంటే కోడిపెట్ట నయంరా ఫెర్మీన్!" అని తిట్టి, చెరకురసం తేర్చడానికి మిల్లులో వాడే సున్నాన్ని డబ్బాలో తెచ్చుకుని వేళ్లకు పూసుకునేవాడు.

మూడేళ్లు వరసగా కప్పు మాదే. గెలిచిన ప్రతిసారీ అతని ఇంటి ముందు రమ్ము, డోలు, గోల. "మీ అన్నకి పెళ్లాం కంటే ఆ ఇనప ముసుగే ముద్దు" అని దిగ్నా వదిన అరటికాయ ముక్కలు వేయిస్తూ దెప్పేది.

రెండో కప్పు తర్వాత అతను వేగం బంతి అడగడం మానేశాడు. ఎప్పుడు చూసినా రెండు వేళ్లే. వంపు బంతికి మోచేయి మెలితిప్పాలి. నా మోచేయి వాచిపోయి, కాఫీ కప్పు ఎత్తాలన్నా ప్రాణం పోయేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకొకణ్ణి పెడతారని భయం. లోలోపల మాత్రం అతణ్ణి నానా బూతులూ తిట్టుకునేవాణ్ణి.

నాలుగో ఏడు చివరి ఆట. ఆఖరి వంతు, పరుగులు సమం. మూడో బేసు మీద వాళ్ల మనిషి కాచుకుని ఉన్నాడు. వాడు బ్యాటు దగ్గరున్న ఇంటి బేసుకు చేరితే పరుగొచ్చి కప్పు పోయినట్టే. బ్యాటు పట్టినవాడు ఇంకొక్కసారి తప్పితే గండం గడుస్తుంది.

రెండు తెల్లటి వేళ్లు కనిపించాయి. నేను తల అడ్డంగా ఊపాను. అతని మాట కాదనడం అదే మొదలు. మళ్లీ రెండు వేళ్లు. మళ్లీ కాదన్నాను. చివరికి అతను ఒక వేలు చూపించాడు.

ఉన్న శక్తంతా పెట్టి విసిరాను. బ్యాటు గాలిని కొట్టింది. కానీ ఆ బంతిని క్యాచర్ పట్టకపోతే ఆట ఆగదు. అది అతని చేతి తొడుగు అంచుకు తగిలి ఎడమ మోకాలి పక్కన పడింది. మూరెడు దూరం లేదు. అతను కుడివైపు నేలంతా రెండు చేతులతో తడుముతున్నాడు.

"ఎడమ! అన్నా, ఎడమవైపు!" అని అరుస్తూ పరిగెత్తాను. నాకంటే ముందే మూడో బేసువాడు ఇంటి బేసుకు చేరాడు. జనం నవ్వారు.

అతని ఎడమకంట్లో పువ్వు అందరం చూసినదే. మిల్లువాళ్లకు ఇలాంటివి మామూలే అనుకున్నాం. సున్నం వేళ్లతో చెమట తుడుచుకుంటే రెండేళ్ల కిందటే ఆ చూపు పోయిందట.

జట్టు మా ఇద్దర్నీ తీసేసింది. ఏడాదిపాటు నేను అతని గడప తొక్కలేదు. చివరికి ఉండబట్టలేక ఒక ఉదయం వెళ్లాను.

"కన్ను పోయిందని ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉంచుతారట్రా? వంపు బంతి మెల్లగా వస్తది. ఎలాగో పట్టేసేవాణ్ణి."

"నా చేయి తినేశావన్నా."

అతను మంచికన్ను నా వైపు తిప్పాడు. "నొప్పని ఒక్క మాట అనుంటే ఆ రోజే ముసుగు తీసి పారేసుండేవాణ్ణి. నువ్వెందుకు చెప్పలేదురా?"

వదిన కాఫీ తెచ్చింది. ఎడమచేత్తో అందుకున్నాను.

పోయిన వానాకాలం అతను చచ్చిపోయాడు. శవపేటిక ఎత్తడానికి కుడిచేయి లేవకపోతే ఎడమ భుజం పెట్టాను. దారిలో కూడా ఒకడు ఆ బంతి సంగతే ఎత్తాడు.

వేగం బంతి వద్దని అతను రెండుసార్లు వేళ్లు చూపించాడు. నేనే వినలేదు.