సార్ మీటింగ్‌లో ఉన్నారు

మాదాపూర్‌లోని ఆ చిన్న కంపెనీలో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగానికి చేరిన రోజే నాకు ఒక మాట నేర్పారు. ఎవరు ఫోన్ చేసినా "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అనాలి. సార్ పళ్ళ డాక్టరు దగ్గరున్నా, పక్కగదిలో పెరుగన్నం తింటున్నా మీటింగే. ఖాళీగా దొరికే యజమాని అంటే క్లయింట్లకు లెక్క ఉండదట. మొదట్లో నవ్వొచ్చేది. నెల తిరిగేసరికి ఆ మాట నన్ను అడక్కుండానే నోట్లోంచి వచ్చేసేది.

సార్ బట్టల ఫ్యాక్టరీలకు హాజరు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మేవారు. ఆ పని మీదే పొరుగు దేశం వెళ్ళారు. వెళ్ళిన మూడో రోజు అక్కడ అల్లర్లు మొదలయ్యాయి. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ఎయిర్‌పోర్టుకు టాక్సీలో బయల్దేరానని చెప్పిన మనిషి విమానం ఎక్కలేదు. ఫోన్ స్విచాఫ్.

ఆయన భార్య కోకాపేట నుంచి వచ్చి ఆఫీసులోనే కూర్చున్నారు. ఎంబసీకి మెయిళ్ళు, హోటల్‌కు ఫోన్లు. సార్‌కు షుగరు, రోజూ ఇన్సులిన్ పడాలి. ఆవిడ బెంగంతా దాని మీదే.

"తిరిగొచ్చే రోజుదాకా సరిపడానే పట్టుకెళ్ళారమ్మా, ఆపైన ఒక్క డోసు కూడా లేదు" అన్నారు నాతో. "క్లయింట్లకి మాత్రం తెలియనివ్వకు. రోజూ చెప్పేదే చెప్పు."

అలాగే చెప్పాను. మర్నాడు పొద్దుట్నుంచి పదిమందికైనా చెప్పి ఉంటాను. ఆ తర్వాత ఫోన్‌లో, గరగరల మధ్య, ఒకతను హిందీలో మీ సార్ ఆఫీసులో ఉన్నారా అని అడిగాడు. మీటింగ్‌లో ఉన్నారన్నాను. "చేరుకున్నారా? దేవుడి దయ" అని పెట్టేశాడు. మన క్లయింట్లలో ఇంత భక్తుడు ఎవరబ్బా అనుకుంటూ నంబరు చూశాను. ముందున్న కోడ్ మన దేశానిది కాదు.

తిరిగి చేశాను. కలవలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. నేను ఫోన్ వదలకపోవడం చూసి హౌస్‌కీపింగ్ అక్క దగ్గరికొచ్చింది.

"ఏందమ్మా, గిట్లయినవ్?"

జరిగింది చెప్పాను.

"ఇగ పరేషాన్ గాకు. పొయ్యి మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పు."

వెళ్ళాను. నంబరు రాసిన కాగితం మేడం ముందు పెట్టి, "అక్కణ్ణుంచి ఎవరో చేశారు మేడం, మాట్లాడేలోపే కట్ అయింది" అన్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. ఆవిడ మొహం చూస్తూ నిజం చెప్పలేకపోయాను. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ ఫోన్ వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, మేడం ఎంబసీ వాళ్ళతో మాట్లాడుతుండగా, ఆ నంబరు కలిసింది. అతను సార్ ఎక్కిన టాక్సీ డ్రైవరు. దారి మూసేస్తే సార్‌ను ఒక స్కూల్లో దించాడట. అక్కడ చిక్కుకుపోయిన వాళ్ళు చాలామంది ఉన్నారట. సార్ ఫోన్ గుంపులో పోయింది. మందు తెస్తానని చెప్పి, ఊరంతా తిరిగి ఇన్సులిన్ సంపాదించి, వెళ్ళే ముందు ఇంకా స్కూల్లోనే ఉన్నారో, ఈలోపే ఇండియా చేరిపోయారో కనుక్కుందామని సార్ రాసిచ్చిన ఆఫీసు నంబరుకు చేశాడు. ఇల్లు చేరారని నేను చెప్పాక, పెళ్ళాం పిల్లలతో ఊరు వెళ్ళిపోయాడు.

"మందు ఇంకా ఐసులోనే పెట్టి ఉంచాను" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. స్కూలు ఎక్కడుందో రాసుకుని పరిగెత్తాను. మేడంకు అదొక్కటే చెప్పాను.

సాయంత్రానికి ఎంబసీ వాళ్ళు సార్‌ను ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణం దక్కింది. గుంపులో అరికాలికి తగిలిన దెబ్బ, ఇన్సులిన్ లేక పుండై ముదిరిపోయి కుడికాలి రెండు వేళ్ళు తీసేశారు.

రెండు నెలలకు ఆఫీసుకు వచ్చారు. అందరం చుట్టూ నిలబడ్డాం. చేతికర్ర పక్కన పెట్టి, టీ తాగుతూ చెప్పారు.

"ఆ టాక్సీవాడు మందు తెస్తానని ఒట్టేసి వెళ్ళాడండి. నాలుగు రోజులు గేటు దగ్గరే కూర్చున్నాను. మళ్ళీ మొహం చూపిస్తే ఒట్టు. అంత నమ్మకంగా మాట్లాడేవాణ్ణి నమ్మకూడదండి."

అందరూ ఆ డ్రైవర్‌ను తిట్టారు. హౌస్‌కీపింగ్ అక్క మాత్రం నా వైపు చూసింది. ఆ తర్వాత సార్ కూడా చూశారు. అవును, అలాంటివాణ్ణి నమ్మకూడదన్నట్టు నేనూ తల ఊపాను.