రుద్రమ కథకు ఊ కొట్టిన రాత్రి

నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. కానీ మా నానమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు...

కరోనా రోజులు. చలికాలం. జర్మనీలో, జీగెన్ అనే ఊళ్లో నేనూ స్వాతీ ఒకే ఫ్లాట్, ఇద్దరం మాస్టర్స్. తనది కరీంనగర్, నాది వరంగల్ కోట పక్కనే. తనకి పాజిటివ్ వచ్చి గదిలో ఉండిపోయింది. అన్నం తలుపు ముందు పెట్టి దూరంగా జరిగేదాన్ని. డాక్టర్ ఫోన్‌లో ఒకటే చెప్పాడు... పిలిస్తే పలక్కపోతే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమని.

ఆ రోజు చీకటి పడ్డాక జ్వరం పెరిగింది.

"అక్కా, భయమైతంది. ఏమన్న చెప్పవా?" అంది లోపల్నుంచి.

"మా రుద్రమ కథ చెప్త. ఊ కొట్టాలె మరి. ఊ ఆగిందనుకో, తలుపు తీసుకొని వస్త."

చిన్నప్పుడు నానమ్మ దగ్గర ఊ ఆగితే పిల్ల నిద్రపోయినట్టు. ఇక్కడ ఊ వినబడితే పిల్ల బాగున్నట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. హీటర్ టక్... టక్... అంటోంది.

కొడుకుల్లేని కాకతీయ రాజు కూతుర్నే కొడుకులా పెంచాడన్నాను. "ఊ..." అంది దగ్గుతూ. మగవేషంలో రాజ్యమేలిందన్నాను. "ఊ." ఆడదానికి తలొంచమని సామంతులు తిరగబడితే అందరినీ అణిచిందన్నాను. "ఊ."

దగ్గు లేదు. ఆయాసం లేదు. హమ్మయ్య, తగ్గుతోందనుకున్నాను.

దేవగిరి సైన్యాన్ని తరిమి తరిమి కొట్టింది. "ఊ." కోటగోడ ఎత్తు పెంచింది. "ఊ." నాకూ హుషారొచ్చింది. ముసలితనంలో కూడా గుర్రమెక్కి యుద్ధానికి పోయిందని చెప్పి, గొంతు తగ్గించాను. "అక్కడే... రాణి చచ్చిపోయింది."

"ఊహూఁ."

హీటర్ చప్పుడు ఆగింది.

కాదు అని... నెమ్మదిగా, తీర్పు చెప్పినట్టు. అది స్వాతి గొంతు కాదు. మా నానమ్మ వయసు గొంతు. ఇంకో సంగతి... మంచం కిటికీ దగ్గరుంది. ఆ మాట మాత్రం తలుపుకి అవతలే, సరిగ్గా నా చెవి దగ్గర వినబడింది.

"స్వాతీ?"

...

"స్వాతీ!"

ఊ లేదు. పారిపోదామనిపించింది, అబద్ధమెందుకు. కానీ ఊ ఆగితే వస్తానని మాటిచ్చాను కదా... తలుపు తోశాను.

స్వాతి మంచం మీద గోడవైపు తిరిగి పడుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంత కుదిపినా కళ్లు తెరవలేదు. గదిలో ఇంకెవరూ లేరు.

అంబులెన్స్‌కి జర్మన్‌లో అడ్రస్ చెప్పడానికి నోరు తిరగలేదు. ఎలా చెప్పానో కూడా గుర్తులేదు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు ఆస్పత్రిలో.

తను ఇంటికొచ్చాక అడిగాను, కథ ఎక్కడిదాకా విన్నావని.

"కొడుకు లెక్క పెంచిన్రు అన్నవ్ సూడు... గంతే అక్కా. తర్వాత ఏం యాదికి లేదు."

మరి మిగతా కథకి ఊ కొట్టిందెవరు? జ్వరంలో తనే కొట్టి మర్చిపోయిందేమో. నా భ్రమేమో. నాకు నిద్రపట్టనిది ఇంకొకటి... ఆ ఊ నన్ను మోసం చేసి అంతసేపు బయట కూర్చోబెట్టిందా? లేక ఆ ఊహూఁతో స్వాతిని బతికించిందా?

ఆ కథ ఇప్పటికీ పిల్లలకి చెప్తుంటాను. రాణి గుర్రమెక్కిందాకే చెప్తాను. చచ్చిపోయిందని మాత్రం... అనను.